పాసు, బస్సు, దూరం: దక్షిణాఫ్రికాలో రాకపోకల మీద వర్ణవివక్ష

దక్షిణాఫ్రికాలో ఒంటి రంగును బట్టి మనుషుల రాకపోకలకు హద్దులు గీసిన చరిత్ర 1948లో నేషనల్ పార్టీ గద్దెనెక్కిన నాడు మొదలైంది కాదు. అప్పటికే దానికి రెండు వందల ఏళ్ళు కావస్తున్నాయి. డచ్ ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని కేప్ కాలనీలో 1760 నాటికే బానిసలు పల్లె నుంచి పట్నానికి, పట్నం నుంచి పల్లెకు వెళ్ళాలంటే యజమాని రాసిచ్చిన చీటీ చేతిలో ఉండాలి. కాలనీ బ్రిటిష్ వారి వశమయ్యాక, 1809లో గవర్నర్ కాలెడన్ ఖోయ్‌ఖోయ్ ప్రజలకూ ఇలాంటి నిబంధనే పెట్టాడు. వాళ్ళు బానిసలు కారు. ఆ నేల మీదే తరతరాలుగా పశువులు మేపుకుంటూ బతికినవారు. అయినా ఎక్కడో ఒకచోట స్థిరనివాసం చూపించాలి, జిల్లా దాటాలంటే పాసు తీసుకోవాలి. భూములు పోగొట్టుకున్నవాడికి స్థిరనివాసం ఎక్కడ దొరుకుతుంది? తెల్ల రైతు పొలంలో, కూలీగా. 1828లో ఖోయ్‌ఖోయ్‌లకు ఆ నిబంధన ఎత్తేశారు గాని, పాసు అనే ఉపాయాన్ని మాత్రం పాలకులు వదులుకోలేదు.

నల్లవారిని కదలకుండా కట్టిపడేయాలని అక్కడి ప్రభుత్వాలు ఏనాడూ అనుకోలేదు. గనులకు వాళ్ళు కావాలి, పొలాలకు కావాలి, తెల్లవారి వంటిళ్ళకు కావాలి, పిల్లల్ని ఎత్తుకోవడానికి కావాలి. కావలసింది వాళ్ళ రెక్కల కష్టం. అక్కర్లేనిది వాళ్ళ కాపురం. పనికి రావాలి, పని కాగానే వెళ్ళిపోవాలి, ఆలుబిడ్డలతో వచ్చి స్థిరపడకూడదు. పాసు చట్టాలు, రైలు పెట్టెల విభజన, బస్సు రూట్లు, పేటలకు పేటలు ఖాళీ చేయించడం, వీటన్నిటి వెనకా ఈ ఒక్క లెక్కే ఉంది. అందుకే ప్రయాణ సౌకర్యాల్లోని వివక్షను ఒక అధ్యాయంగా, సంచార స్వేచ్ఛ మీది ఆంక్షలను మరో అధ్యాయంగా విడదీసి చదివితే ఈ చరిత్ర సగమే అర్థమవుతుంది.

లెక్క కుదురుకున్నది గనుల దగ్గర. కింబర్లీలో వజ్రాలు బయటపడ్డాక 1872లో అక్కడ పనివాళ్ళందరికీ పాసు నిబంధన వచ్చింది. చట్టంలో రంగు పేరెత్తకుండా ‘పనివాడు’ అని మాత్రమే రాశారు. అమలు మాత్రం నల్లవారి మీదే. 1880లలో గని కూలీల కోసం కాంపౌండ్లు కట్టారు. ఒప్పందం ముగిసేదాకా కూలీ ఆ ఆవరణ దాటి బయటికి రాకూడదు. 1886లో విట్‌వాటర్స్‌రాండ్ బంగారం బయటపడేసరికి ఈ పద్ధతి తయారుగా ఉంది. మొజాంబిక్ నుంచి, బసుటోలాండ్ నుంచి రైళ్ళు వేల మంది కూలీలను జొహానెస్‌బర్గ్‌కు తెచ్చి దించేవి, గడువు తీరగానే అదే రైళ్ళు వెనక్కి తీసుకుపోయేవి. ఆ దేశపు రైలు మార్గాలు నల్లవారి జీవితంలోకి వచ్చింది ఇలా కూలీల బండిగానే.

ఈ వ్యవస్థ కిందికే తెలుగువారూ వెళ్ళారు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు నేటాల్ చెరుకు తోటలకు, బొగ్గు గనులకు, రైల్వేలకు వెళ్ళిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి, చిత్తూరు వైపు నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు అందులో గణనీయంగా ఉన్నాయి. సముద్రం దాటి అంత దూరం వెళ్ళిన మనిషికి అక్కడ పక్క ఎస్టేటులో ఉన్న బంధువును చూసి రావడం గగనమైపోయింది. యజమాని చీటీ లేకుండా తోట గట్టు దాటితే పట్టుకుని శిక్షించేవారు. యజమాని కొట్టాడని అధికారి దగ్గర మొరపెట్టుకోవాలన్నా, వెళ్ళడానికి ఆ యజమాని అనుమతే కావాలి. అయిదేళ్ళ ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోదామనుకునే వారి మీద 1895లో నేటాల్ ప్రభుత్వం ఏడాదికి 3 పౌండ్ల తలపన్ను వేసింది. మళ్ళీ ఒప్పందం రాయడమో, ఓడ ఎక్కి స్వదేశానికి పోవడమో, రెండింట్లో ఒకటి తేల్చుకోవలసిన పరిస్థితి తేవడమే దాని ఉద్దేశం.

1893 జూన్ 7 రాత్రి పీటర్‌మారిట్స్‌బర్గ్ స్టేషన్లో మోహన్‌దాస్ గాంధీని ఫస్టుక్లాసు పెట్టె నుంచి దించేసిన సంగతి తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. దాని తరువాతి ప్రయాణం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఛార్లెస్‌టౌన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కు అప్పటికి రైలు లేదు, గుర్రపు కోచ్ ఎక్కాలి. టికెట్టు ఉన్నా ఆయన్ను లోపల తెల్లవారి పక్కన కూర్చోనివ్వక బయట బండి తోలేవాడి పక్కన కూర్చోబెట్టారు. కాసేపటికి బండి పెద్దకు చుట్ట కాల్చుకోవడానికి ఆ చోటు కావలసి వచ్చింది. మెట్టు మీద గోనెపట్టా పరిచి అక్కడ కూర్చోమన్నాడు. కాదన్నందుకు చెంపలు వాయించాడు, కిందికి లాగబోయాడు. లోపలి ప్రయాణికులు అడ్డుపడితే గాని ఆగలేదు. జొహానెస్‌బర్గ్, ప్రిటోరియా ఉన్న ట్రాన్స్‌వాల్‌లో చట్టం ఇంకా కిందికి దిగింది. భారతీయులు కాలిబాట మీద నడవకూడదు, రాత్రి తొమ్మిది దాటాక అనుమతి లేకుండా వీధిలోకి రాకూడదు. ప్రిటోరియాలో అధ్యక్షుడు క్రూగర్ ఇంటి ముందు బాట మీద నడిచినందుకు కాపలావాడు గాంధీని తన్ని వీధిలోకి నెట్టాడు.

ఇరవై ఏళ్ళ తరువాత జరిగిన ఉద్యమం రాకపోకల హక్కునే ఆయుధంగా వాడుకుంది. భారతీయులు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అనుమతి లేకుండా పోవడం నేరం. కాబట్టి సత్యాగ్రహులు ఆ నేరమే చేశారు: నడిచి సరిహద్దు దాటారు. 1913 నవంబరు 6న ఛార్లెస్‌టౌన్ నుంచి ట్రాన్స్‌వాల్‌లోకి బయలుదేరిన వారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు. న్యూకాసిల్ బొగ్గు గనుల్లో పని ఆపేసిన తమిళ, తెలుగు, హిందీ కూలీలు వాళ్ళు. వాళ్ళను అరెస్టు చేసి రైళ్ళలో వెనక్కి తరలించి, గనుల ఆవరణలనే జైళ్ళుగా మార్చి, గని ఉద్యోగులనే వార్డర్లుగా నియమించారు. కూలీకీ ఖైదీకీ మధ్య ఉన్న తేడా ఎంత పలచనిదో దీన్ని బట్టి తెలుస్తుంది. 1914లో 3 పౌండ్ల పన్ను పోయింది. రాష్ట్రాల మధ్య రాకపోకల అనుమతి మాత్రం పోలేదు. డర్బన్‌లోని భారతీయుడు జొహానెస్‌బర్గ్‌లో పెళ్ళికి వెళ్ళాలన్నా పర్మిట్ తీసుకోవలసిన రోజులు 1975 వరకు సాగాయి. ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లోనైతే భారతీయులు నివాసం ఉండకూడదన్న 1891 నాటి నిషేధం 1980ల మధ్య దాకా అమల్లోనే ఉంది.

ఈ పోరాటానికి ఉన్న పరిమితిని కూడా దాచకుండా చెప్పాలి. 1890లలో డర్బన్ పోస్టాఫీసుకు రెండు ద్వారాలుండేవి, ఒకటి తెల్లవారికి, ఒకటి మిగిలిన వారికి. ఆఫ్రికన్లతో కలిసి ఒకే ద్వారంలోంచి వెళ్ళడం తమకు అవమానమని భారతీయ నాయకులు ఫిర్యాదు చేసి, తమకు మూడో ద్వారం సాధించుకున్నారు. ఆ అడుగు తప్పు. ఆ నాటి భారతీయుల ఉద్యమం, ఆఫ్రికన్ల ఉద్యమం పక్కపక్కనే నడిచినా కలిసి నడవలేదు. 1940ల చివర్లో, 1950లలో గాని ఆ రెండూ చేతులు కలపలేదు.

ఆఫ్రికన్ల మీద ఉచ్చు ఈలోగా బిగుస్తూ వచ్చింది. 1913 భూచట్టం దేశంలో సుమారు 7 శాతం నేలను మాత్రమే వాళ్ళకు కేటాయించింది. కౌలు భూముల నుంచి గెంటేసిన కుటుంబాలు పశువులను తోలుకుంటూ, తలదాచుకునే చోటు లేక రోడ్ల మీద తిరగడాన్ని సోల్ ప్లాట్యే సైకిలు మీద ఊరూరా వెళ్ళి చూసి, 1916లో వెలువడిన తన పుస్తకంలో నమోదు చేశాడు. 1922లో స్టాలర్డ్ కమిషన్ పట్నాలు తెల్లవారి సృష్టి అనీ, తెల్లవారి అవసరాలు తీర్చడానికి మాత్రమే నల్లవారు అక్కడికి రావాలనీ, ఆ అవసరం తీరాక వెళ్ళిపోవాలనీ తేల్చింది. మరుసటి ఏడాది వచ్చిన పట్టణ ప్రాంతాల చట్టానికి ఇదే పునాది.

1952లో ఈ ఆంక్షలన్నిటినీ ఒక్క పుస్తకంలో కుట్టేశారు. పాసుల రద్దు, పత్రాల ఏకీకరణ చట్టం అని దానికి పేరు పెట్టారు. రద్దైంది పాత చీటీలు మాత్రమే. వాటి బదులు పదహారేళ్ళు నిండిన ప్రతి ఆఫ్రికన్ ‘రిఫరెన్స్ బుక్’ వెంట ఉంచుకోవాలి. జనం దాన్ని ఈసడింపుగా ‘డాంపాస్’ అన్నారు. అందులో ఫొటో, గుర్తింపు నంబరు, కట్టిన పన్నుల లెక్క, ఏ ఊళ్ళో ఉండవచ్చో అధికారి వేసిన ముద్ర ఉంటాయి; వేలిముద్రలు ప్రిటోరియాలో భద్రం. యజమాని ప్రతి నెలా అందులో సంతకం పెట్టాలి. అమ్మగారు ఊరెళ్ళి ఆ నెల సంతకం పెట్టడం మరిచిపోతే, శిక్ష పనిమనిషికి. పుస్తకం ఇంట్లో మరిచిపోయి వీధి చివర కొట్టుకు రొట్టె కోసం వెళ్ళినా పోలీసు వ్యాను ఎక్కవలసిందే. అదే ఏడాది సవరించిన పట్టణ చట్టంలోని పదో సెక్షన్ ప్రకారం పట్నంలో ఉండే అర్హత కొందరికే: అక్కడే పుట్టి పెరిగినవారికి, ఒకే యజమాని దగ్గర పదేళ్ళు పనిచేసినవారికి, లేదా చట్టబద్ధంగా పదిహేనేళ్ళు అక్కడున్నవారికి, ఇలాంటివారి భార్యలకు, పెళ్ళికాని పిల్లలకు. మిగతావాళ్ళకు గడువు 72 గంటలు. తొమ్మిదేళ్ళు ఒకచోట పనిచేసి యజమాని మారినవాడు మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవాలి. చెడ్డ యజమానిని వదిలిపోయే స్వేచ్ఛను ఆ పదేళ్ళ నిబంధన ఎంత చల్లగా చంపేసిందో ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

పాసు నేరాల కింద 1916 నుంచి 1980ల మొదటి వరకు కోటీ డెబ్భై లక్షలకు పైగా అరెస్టులు జరిగాయి. ఒక్కో కేసు నిమిషాల్లో ముగిసేది. జరిమానా కట్టలేనివారిని పొలాలకు కూలీలుగా పంపిన సందర్భాలూ కోకొల్లలు. బెథల్ ప్రాంతపు బంగాళదుంపల తోటల్లో గోనెసంచులు కట్టుకుని పనిచేస్తున్న ఇలాంటి కూలీల స్థితిని 1952లో ‘డ్రమ్’ పత్రిక విలేకరి హెన్రీ న్క్సుమాలో తానే కూలీగా చేరి వెళ్ళి రాశాడు. రాకపోకలను నేరం చేయడం వల్ల ప్రభుత్వానికి ఒరిగిందేమిటంటే ఇదే: ఎవరూ ఇష్టపడి చేయని పనికి మనుషులు దొరికారు.

స్త్రీలకు పాసులు తేవాలన్న ప్రయత్నం ప్రతిసారీ ప్రతిఘటనను ఎదుర్కొంది. 1913లో బ్లూమ్‌ఫాంటీన్‌లో చాకలి పనీ ఇంటి పనీ చేసుకునే ఆడవాళ్ళు పాసులు తిరస్కరించి జైళ్ళు నింపారు. 1956లో కొత్త పుస్తకాలు పంచడం మొదలుపెట్టగానే విన్‌బర్గ్‌లో వాటిని కుప్పపోసి తగలబెట్టారు. ఆ ఆగస్టు 9న ప్రిటోరియాలోని యూనియన్ భవనాల ముందు ఇరవై వేల మంది ఆడవాళ్ళు చేరారు. లిలియన్ న్గోయీ, హెలెన్ జోసెఫ్, రహీమా మూసా, సోఫియా విలియమ్స్ వాళ్ళకు ముందు నడిచారు. ఆఫ్రికన్, తెల్ల, భారతీయ, ‘కలర్డ్’ (మిశ్రమ సంతతి) వర్గాల స్త్రీలు నలుగురూ ఒక వరుసలో. ప్రధాని స్ట్రైడమ్ దర్శనమివ్వలేదు. సంతకాల కట్టలు ఆయన గుమ్మం దగ్గర పెట్టి, అరగంట పాటు అంతమందీ మౌనంగా నిలబడ్డారు. వాళ్ళలో చాలామంది సమస్య తేలికగా అర్థమయ్యేదే: పాసు లేదని తల్లిని రోడ్డు మీద పట్టుకుపోతే, ఇంట్లో పసిపిల్ల దగ్గర ఎవరుంటారు?

రైళ్ళలో, స్టేషన్లలో విభజన వేరే దారిలో నడిచింది. టికెట్టు కిటికీలు వేరు, వంతెనలు వేరు, వెయిటింగ్ రూములు వేరు. 1952 జూన్ 26న మొదలైన ధిక్కార ఉద్యమంలో తొలి దళం పోర్ట్ ఎలిజబెత్‌లోని న్యూ బ్రైటన్ స్టేషన్లోకి ‘యూరోపియన్లకు మాత్రమే’ అని రాసిన ద్వారం గుండా నడిచింది. అప్పట్లోనే కేప్‌టౌన్ స్టేషన్లో తెల్లవారి వెయిటింగ్ రూములో కూర్చున్న ఒక ఆఫ్రికన్ మీద పెట్టిన కేసు అప్పీలు కోర్టుకు వెళ్ళింది. రెండు గదులకూ వసతుల్లో ఇంత తేడా ఉంటే ఈ విభజన చెల్లదని 1953లో కోర్టు తీర్పిచ్చింది. ప్రభుత్వం గదులు బాగుచేయించలేదు, చట్టం మార్చింది. అదే ఏడాది వచ్చిన ప్రత్యేక సౌకర్యాల చట్టం, వేరుగా పెట్టిన వసతులు సమానంగా ఉండనక్కర్లేదని బాహాటంగా రాసుకుంది. అమెరికాలో 1896 నాటి ప్లెస్సీ తీర్పు రైలు పెట్టెల విభజనను సమర్థిస్తూ కనీసం సమానత్వం అనే ముసుగైనా కప్పుకుంది. దక్షిణాఫ్రికా ఆ ముసుగునూ తీసి పక్కన పెట్టింది.

వసతుల కంటే జనాన్ని రోజూ కోసింది చార్జీలు. జొహానెస్‌బర్గ్‌కు ఉత్తరాన, ఊరి నడిబొడ్డుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో అలెగ్జాండ్రా ఉంది. ఊళ్ళో పనిచేసేవారికి ఊళ్ళో ఇల్లు లేదు కాబట్టి బస్సు తప్పదు. బస్సు తప్పదు కాబట్టి కంపెనీ చార్జీ పెంచుతుంది. 1943లో నాలుగు పెన్నీల చార్జీని అయిదు చేసినప్పుడు జనం తొమ్మిది రోజులు నడిచి పాత చార్జీ సాధించుకున్నారు. కొంతకాలం అలెగ్జాండ్రాలో అద్దెకున్న యువ న్యాయవిద్యార్థి నెల్సన్ మండేలా ఆ నడకలో కలిశాడు. 1944లో ఏడు వారాలు నడిచారు.

1957 జనవరి 7న పుట్కో బస్సు కంపెనీ మళ్ళీ అదే పెన్నీ పెంచింది. అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లవారు ఏడాది పైగా సాగించిన బస్సు బహిష్కరణ గెలిచి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. అలెగ్జాండ్రాలో ఆ సోమవారం పొద్దున బస్సులు ఖాళీగా కదిలాయి. ‘అజిక్వెల్వా’ అంటే ఎక్కం అని అర్థం. ఆ ఒక్క మాటే ఉద్యమానికి పేరూ నినాదమూ అయింది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, ఉతికిన బట్టల మూటలు నెత్తిన పెట్టుకున్న చాకలి స్త్రీలు చీకటితోనే లేచి నడిచేవారు. సాయంత్రం మళ్ళీ అంత దూరం తిరుగు నడక. దక్షిణార్ధగోళంలో అది వానాకాలం, పిడుగుల కాలం. పెంచింది ఒక్క పెన్నీయే కదా అని తెల్ల పత్రికలు కొన్ని ఆశ్చర్యపోయాయి. నాలుగు మీద ఒకటంటే పాతిక శాతం. నెలాఖరుకు చేతిలో చిల్లిగవ్వ మిగలని ఇంట్లో ఆ పెన్నీ ఎందులోంచి తేవాలి, రొట్టెలోంచా, పిల్లల చదువులోంచా?

రవాణా మంత్రి బెన్ స్కూమన్ ఇది రాజకీయ కుట్ర అన్నాడు, లొంగేది లేదన్నాడు. పోలీసులు నడిచేవాళ్ళను ఆపి పాసులు తనిఖీ చేశారు, సైకిళ్ళ టైర్లలో గాలి తీశారు. దారిలో జాలిపడి కార్లలో ఎక్కించుకున్న తెల్లవారిని కూడా నిలబెట్టి లైసెన్సులు అడిగారు, ఎక్కువమందిని ఎక్కించారని కేసులు రాశారు. ప్రిటోరియా పేటలకూ బహిష్కరణ పాకింది. చివరికి దిగివచ్చింది వ్యాపారులు. కాళ్ళు వాచిన కూలీలతో ఫ్యాక్టరీలు నడవవని వాళ్ళకు తెలిసింది. జొహానెస్‌బర్గ్ వాణిజ్య మండలి నిధి పెట్టి ఆ పెన్నీని కూపన్ల రూపంలో భరించడానికి ఒప్పుకుంది. ఏప్రిల్‌లో జనం నాలుగు పెన్నీలకే బస్సెక్కారు. యజమానుల మీద పన్ను వేసి బస్సులకు సబ్సిడీ ఇచ్చే చట్టం అదే ఏడాది వచ్చింది. దక్షిణాఫ్రికా నల్లవారు పార్లమెంటులో ఒక్క ఓటూ లేకుండా నడకతో రాబట్టుకున్న చట్టం అది.

ఆ తరువాత మూడేళ్ళకు షార్ప్‌విల్ అనే నల్లవారి పేట వంతు వచ్చింది. పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ నాయకుడు రాబర్ట్ సొబుక్వే పిలుపు మీద 1960 మార్చి 21న జనం పాసులు లేకుండా పోలీసు స్టేషనుకు వెళ్ళి అరెస్టు చేయమని అడిగారు. పోలీసులు కాల్పులు జరిపారు. 69 మంది చనిపోయారు, చాలామందికి తూటాలు వీపులో తగిలాయి. కొద్దిరోజులు పాసు చట్టం ఆపి, మళ్ళీ తెచ్చారు. ఆఫ్రికన్ల రెండు ప్రధాన పార్టీలనూ నిషేధించారు.

కెమెరాతో ఊరూరా తిరగాలనుకున్న ఎర్నెస్ట్ కోల్ అనే ఆఫ్రికన్ యువకుడు పాసు చట్టాన్ని దాటడానికి తన జాతినే మార్చుకోవలసి వచ్చింది. కోలే అన్న ఇంటిపేరు కోల్ చేసుకుని, అధికారుల ఎదుట కలర్డ్ వర్గానికి చెందినవాడిగా నమోదు చేయించుకున్నాడు. వాళ్ళకు పాసు అక్కర్లేదు. పాసు తనిఖీలు, తలుపులకు వేలాడే రైలు ప్రయాణికులు, కాంపౌండ్లలో నగ్నంగా వైద్య పరీక్షకు నిలబడ్డ గని కూలీలు అతని ఫొటోల్లోనే ప్రపంచానికి కనిపించారు. 1966లో దేశం వదిలి వెళ్ళాడు, 1967లో ఆ ఫొటోల పుస్తకం అచ్చయింది, స్వదేశంలో దాన్ని నిషేధించారు. మళ్ళీ తిరిగి రాకుండానే 1990లో న్యూయార్క్‌లో మరణించాడు.

పాసు ఎంత పీడించినా ఊరు దగ్గరున్నంత కాలం కాలినడకకైనా అవకాశం ఉండేది. జాతిని బట్టి నివాస ప్రాంతాలు విడదీసిన 1950 గ్రూప్ ఏరియాస్ చట్టం, దాని తరువాతి తరలింపు చట్టాలు ఆ అవకాశాన్నీ తీసేశాయి. 1955 నుంచి జొహానెస్‌బర్గ్‌లోని సోఫియాటౌన్ జనాన్ని లారీల్లో దూరంగా ఉన్న మెడోలాండ్స్‌కు తరలించారు. 1966లో కేప్‌టౌన్ నడిమధ్యనున్న డిస్ట్రిక్ట్ సిక్స్‌ను తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి, అరవై వేల మందికి పైగా ఇసుక మేటల కేప్ ఫ్లాట్స్‌కు పంపేశారు. డర్బన్ మునిసిపాలిటీలో వీధులూడ్చి, చెత్త బళ్ళు లాగిన తమిళ, తెలుగు కార్మికుల కుటుంబాలు ఊరి మధ్య మ్యాగజీన్ బ్యారక్స్‌లో తరాలుగా ఉండేవి. ఇరుకు గదులే గాని పని, బడి, గుడి, సముద్రం నడకదూరంలో ఉండేవి. 1960లలో ఆ బ్యారక్స్ ఖాళీ చేయించి, ఊరి దక్షిణాన యూనిట్లుగా నంబర్లు వేసి కట్టిన చాట్స్‌వర్త్‌కు మార్చారు. ఇల్లు కొంత మెరుగైంది. జీతంలో బస్సు చార్జీ అనే కొత్త కోత మొదలైంది. 1960 నుంచి 1983 వరకు దేశం మొత్తమ్మీద ఇలా కదిలించిన జనం 35 లక్షలు.

వీటన్నిటిలో క్రూరమైనది క్వాన్‌డెబెలే. ప్రిటోరియాకు ఈశాన్యంగా పొదల మధ్య నల్లవారికని ప్రభుత్వం సృష్టించిన ‘స్వదేశం’ (హోమ్‌ల్యాండ్) అది. పరిశ్రమలు లేవు, పొలాలు చాలవు, పని ఉన్నది ప్రిటోరియాలోనే. అందుకని పుట్కో బస్సులు వేశారు, సర్కారు సబ్సిడీ గుమ్మరించింది. 1980లలో అమెరికన్ విలేకరి జోసెఫ్ లెలివెల్డ్, ఫొటోగ్రాఫర్ డేవిడ్ గోల్డ్‌బ్లాట్ ఆ బస్సుల్లో ప్రయాణించి చూశారు. మారుమూల స్టాపు నుంచి మొదటి బస్సు రాత్రి రెండూ ముప్పావుకు బయలుదేరుతుంది. ఎక్కినవాళ్ళు సీటు దొరకగానే దుప్పటి ముసుగేసుకుని ముందు సీటు కమ్మీకి తల ఆనిస్తారు. సీటు దొరకనివాళ్ళు నిలబడే కునుకు తీస్తారు, కాసేపటికి నడవలో చతికిలబడతారు. మట్టిరోడ్డు కుదుపులకు అందరి తలలూ ఒకేసారి ఊగుతుంటాయి. ప్రిటోరియాలోని మరాబాస్టాడ్ డిపోలో దిగి ఇంకో బస్సు పట్టుకుని ఏడింటికి పనిలో ఉండాలి. సాయంత్రం మళ్ళీ అదే దారి. కొందరు ఇల్లు చేరేసరికి రాత్రి పది. దూరపు స్టాపులవాళ్ళకు రోజుకు ఎనిమిది గంటల దాకా బస్సులోనే గడిచేది. నిద్రలో ఉన్న పిల్లల్ని తప్ప మేలుకున్న పిల్లల్ని వారాంతం దాకా చూడలేని తల్లిదండ్రులు వాళ్ళు. రోడ్డు మీద ఏ పోలీసూ ఆపనక్కర్లేదు. పాసు చేసే పని దూరమే చేసేసింది.

1986 జులై 1న పాసు చట్టాలు రద్దయ్యాయి. అప్పటికే లక్షల మంది వాటిని లెక్కచేయకుండా పట్నాలకు వచ్చి గుడిసెలు వేసుకున్నారు; చట్టం వాళ్ళ ముందు ఓడిపోయి తప్పుకుందని అనడమే న్యాయం. 1996 రాజ్యాంగం 21వ సెక్షన్‌లో దేశమంతటా సంచరించే, నివసించే హక్కును రాసింది. గీసిన పటం మాత్రం అలాగే ఉంది. పని ఒకవైపు, ఇల్లు మరోవైపు, మధ్యలో హైవేలు, రైలు కట్టలు, ఎవరూ ఉండకూడదని వదిలేసిన ఖాళీ భూములు.

ఆ దూరాన్ని నేడు ఎక్కువగా దాటిస్తున్నవి మినీబస్ టాక్సీలు. వర్ణవివక్ష కాలంలో నల్లవారు సొంతంగా నడుపుకోగలిగిన కొద్దిపాటి వ్యాపారాల్లో ఇదొకటి. 1980ల చివర్లో అనుమతులు సడలించాక ఒక్కసారిగా పెరిగాయి. మన షేర్ ఆటోల్లా వీటికీ బోర్డులుండవు. జొహానెస్‌బర్గ్‌లో చూపుడువేలు పైకెత్తితే నగరం నడిబొడ్డుకని అర్థం. పండు పట్టుకున్నట్టు అరచేయి వంచి చూపిస్తే ఆరెంజ్ ఫార్మ్‌కు. ప్రజా రవాణా వాడేవారిలో అత్యధికులు వీటి మీదే ఆధారపడ్డారు. రూట్ల కోసం సంఘాల మధ్య జరిగిన కాల్పుల్లో డ్రైవర్లు, ప్రయాణికులు ఎందరో ప్రాణాలు కోల్పోయారు. సబ్సిడీ మాత్రం అధికభాగం రైళ్ళకు, పాత ఒప్పందాల బస్సులకే వెళ్తోంది. జనంలో ఎక్కువమంది ఎక్కే వాహనానికి ఆ సబ్సిడీలో తగిన వాటా అందకపోవడం ప్రజాస్వామ్యం వచ్చాక కూడా సరిదిద్దని అన్యాయం.

కొత్త పెట్టుబడులు వచ్చాయి. 2009లో సొవేటోను జొహానెస్‌బర్గ్‌తో కలుపుతూ రేయా వాయా బస్సు మార్గం మొదలైంది. 2010లో ప్రారంభమైన గౌట్రెయిన్ విమానాశ్రయాన్ని, శాండ్‌టన్‌ను, ప్రిటోరియాను కలిపింది. సొవేటోకు అది వెళ్ళదు. చవకైన ప్రయాణికుల రైళ్ళు మాత్రం దొంగతనాలతో, నిర్వహణ లోపంతో కుప్పకూలాయి. కేప్‌టౌన్‌లో ఖయెలిత్షా వైపు వెళ్ళే సెంట్రల్ లైన్ ఏళ్ళ తరబడి మూతపడింది. పట్టాల మీద గుడిసెలు లేచాయి. దాన్ని దశలవారీగా తిరిగి తెరుస్తూ వచ్చారు. క్వాన్‌డెబెలే బస్సులు నడిచే మొలోటో రోడ్డు ఇప్పటికీ ఘోర ప్రమాదాలకు పేరుపడింది. దాని వెంట రైలు వేస్తామన్న ప్రతిపాదన ఏళ్ళుగా కాగితాల మీదే నలుగుతోంది. ప్రయాణ ఖర్చు ఆదాయంలో సుమారు పదో వంతు దాటకూడదని 1996 నాటి జాతీయ రవాణా విధానం లక్ష్యం పెట్టుకుంది. పేద కుటుంబాల్లో చాలావాటికి ఆ ఖర్చు అంతకు ఎంతో మించిందని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి.

అందుకే ఇప్పటి పోరాటం బస్సు స్టాండు నుంచి ఇంటి స్థలానికి మారింది. కేప్‌టౌన్‌లో సీ పాయింట్ అనే ఖరీదైన సముద్రతీర పేటలో ప్రభుత్వం తన స్థలాన్ని ఒక ప్రైవేటు స్కూలుకు అమ్మబోతే, ఆ పేటలో ఇంటిపనీ కాపలా పనీ చేసేవాళ్ళు, వాళ్ళతో కలిసిన కార్యకర్తలు కోర్టుకెక్కారు. ఆ స్థలంలో తక్కువ అద్దె ఇళ్ళు కట్టాలని, పనిచేసే చోటికి నడిచి వెళ్ళే దూరంలో తమకూ నివాసం ఉండాలని వాళ్ళ వాదన. వర్ణవివక్ష గీసిన పటాన్ని సరిదిద్దే రాజ్యాంగ బాధ్యతను నగరపాలక సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం నెరవేర్చలేదని 2020లో హైకోర్టు తీర్పు చెప్పి, అమ్మకాన్ని రద్దు చేసింది. ఆ తీర్పు మీద అప్పీళ్ళు పై కోర్టులకు వెళ్ళాయి.